రోగి చేతిలో కరపత్రం

ఆస్పత్రికి వెళ్ళి ఇంటికి తిరిగివచ్చిన వారి చేతిలో సాధారణంగా మూడు వస్తువులు ఉంటాయి. ఒకటి మందుల పొట్లం. రెండవది డాక్టరు వ్రాసి ఇచ్చిన చీటీ. మూడవది అచ్చువేసిన ఒక చిన్న కాగితం. మొదటి రెంటినీ మనం జాగ్రత్తగా దాచుకుంటాము. మూడవ దానిని మాత్రం ఒకసారి ఇటూ అటూ తిప్పి చూచి పక్కన పడవేస్తాము. మందులకు చరిత్ర ఉన్నట్లే ఈ కాగితానికీ ఒక చరిత్ర ఉన్నదనీ, కొన్ని జబ్బులలో ఈ కాగితం చేయవలసిన పని చేయకపోతే మందు కూడా పనిచేయదనీ చాలామందికి తెలియదు. ఆ చరిత్రను ఈ వ్యాసంలో స్థూలంగా పరిశీలిద్దాం.

ఐరాలలో ఒక సంగతి

చిత్తూరు జిల్లాలోని ఐరాల మా ఊరు. కాణిపాకం వినాయకుని గుడి మా మండలంలోనిదే కనుక ఆ పేరు చదువరులకు కొంత తెలిసే ఉంటుంది. పెద్ద జబ్బు చేస్తే ఇక్కడివారు చిత్తూరుకో, తిరుపతికో, లేకపోతే సరిహద్దు దాటి తమిళనాడుకో వెళ్ళటం చాలాకాలంగా ఉన్న అలవాటు. కొన్ని సంవత్సరాల క్రితం నాకు పెదనాయన వరుస అయ్యే ఒక రైతు ఎడతెగని దగ్గుతో బాధపడి, సరిహద్దు అవతల ఒక ఆస్పత్రికి వెళ్ళాడు. పరీక్షచేసి క్షయ అని చెప్పారు. ఆరు నెలలు వాడవలసిన మందులలో మొదటి విడత ఇచ్చి పంపారు. సెలవులకు నేను ఊరికి వెళ్ళేసరికి ఆయన మూడు వారాలకే మందు మానివేసి అరుగుమీద కూర్చొని ఉన్నాడు.

"ఏం పెదనాయనా, మాత్రలు మింగడం లేదంటనే?" అని అడిగాను.

"ఏం మింగేది నాయనా! నీళ్ళు పోసుకుంటే ఎర్రగా వస్తా ఉండాది. ఒళ్ళు వేడి చేసిందో, రగతమే పోతా ఉండాదో! ఇంగ మింగితే పానానికే మోసమని నిలిపేసినా."

"ఆస్పత్రిలో కాయితమేమన్నా ఇచ్చినారా?"

"ఇచ్చినారు. అదో, ఆ దూలంలో చెక్కిపెట్టినా. ఒకపక్క అరవం, ఇంకొకపక్క ఇంగ్లీషు. మనకేం తెలుస్తాది?"

కాగితం తీసి చదివాను. ఇంగ్లీషు వైపున నాలుగవ వాక్యం ఇదీ: ఈ మందు వాడుతున్నంతకాలం మూత్రం నారింజరంగుగా మారవచ్చును, అందుకు భయపడి మందు మానరాదు. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనే మందుకు సహజంగానే ఎరుపురంగు ఉన్నది. దానిలో కొంత మూత్రంలోనూ, చెమటలోనూ, కన్నీటిలోనూ బయటకు వస్తుంది. అంతకంటే అందులో విశేషం లేదు. ఆ మాట తెలుగులో చదివి వినిపించి, మరునాడు ఆయనను మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళాను. డాక్టరు తిరిగి పరీక్షచేసి మందు ప్రారంభించారు. ఆయన దానిని చివరిదాకా వాడి కోలుకున్నాడు.

ఇక్కడ మందులో లోపం లేదు. కాగితంలోని మాట కూడా సరియైనదే. అయితే ఆ మాట దూలంలోనే ఉండిపోయినది, మనిషికి చేరలేదు. క్షయ మందును మధ్యలో మానివేస్తే రోగిలో మిగిలిన సూక్ష్మజీవులు మళ్ళీ విజృంభిస్తాయి. ఒక్కొక్కప్పుడు అవి ఆ మందుకే లొంగని మొండి జీవులుగా మారి, ఇంటిలోని ఇతరులకు కూడా సోకుతాయి. ఒక వాక్యం చేరకపోవటం వల్ల ఇంత ముప్పు రావచ్చునంటే, ఆ వాక్యాన్ని చేర్చే విద్యను మనం తేలికగా చూడరాదు.

చదవలేని వారికోసం వ్రాసిన పుస్తకం

వైద్యవిషయాలను సామాన్యుల భాషలో అచ్చువేసి పంచాలనే ఆలోచన ఐరోపాలో 18వ శతాబ్దంలో బలపడినది. ఆ కాలపు పుస్తకాలలో ప్రసిద్ధమైనది స్విట్జర్లండులోని లోజాన్ నగరానికి చెందిన తిస్సో అనే వైద్యుడు 1761లో ప్రకటించిన గ్రంథం. ప్రజలకు వారి ఆరోగ్యాన్ని గురించి చేసిన హితబోధ అది. అనేక భాషలలోకి అనువాదమై, ఎన్నో ముద్రణలు పొందినది.

అయితే ఆనాటి పల్లెటూరి రైతులలో చాలామందికి చదువు రాదు. ఆ సంగతి తిస్సోకు బాగా తెలుసు. అందువల్ల ఆయన తన పుస్తకం ఎవరి చేతిలో పడాలో ముందే చెప్పాడు: ఊరి మతగురువులు, భూస్వాములు, మంత్రసానులు, బడిపంతుళ్ళు. వారు చదివి, అవసరం వచ్చినప్పుడు రైతుకు విడమరచి చెప్పాలని ఆయన ఉద్దేశం. అనగా, వైద్యుని మాటకూ రోగి చెవికీ నడుమ ఒక మనిషి కావాలని రెండున్నర శతాబ్దాల క్రితమే ఆయన గుర్తించాడు. ఆ జాబితాలో బడిపంతులు పేరు ఉన్నదని ఉపాధ్యాయులైన చదువరులు గమనించగలరు.

మేలు కోరి చెప్పిన అబద్ధం

మనదేశానికి వస్తే, ప్రజలను ఒప్పించవలసిన అవసరం మొదట పెద్ద యెత్తున కలిగినది మశూచి టీకాల విషయంలో. ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో కనుగొన్న గోమశూచి టీకా 1802లో బొంబాయికి చేరి, కొద్దికాలంలోనే మద్రాసు రాజధానికీ వచ్చినది. మశూచిని అమ్మవారుగా కొలిచే ప్రజలు ఆవు పొక్కులోని రసను ఒంటిలోకి ఎక్కించుకొనటానికి జంకారు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఈ సందర్భంలో వినవచ్చే ఒక పేరు తెలుగువారికి కొత్తది కాదు. తెలుగు సంస్కృతం నుండి పుట్టినది కాదనీ, తమిళ కన్నడాలతో కలిసి వేరొక భాషాకుటుంబానికి చెందినదనీ 1816లో మొదట నిరూపించిన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆయనే. మద్రాసులో కలెక్టరుగా ఉన్న ఈ పండితుడు గోమశూచిని గోమాత ప్రసాదించిన వరంగా వర్ణిస్తూ పురాణధోరణిలో ఒక కథ వ్రాశాడు. టీకాపట్ల జనానికి భక్తివిశ్వాసాలు కలిగించటం దాని ఉద్దేశం. 1819లో మద్రాసు పత్రిక ఒకదానిలో, ఈ టీకా పద్ధతి ధన్వంతరి గ్రంథంలోనే ఉన్నదంటూ ఒక ఉత్తరం కూడా వెలువడినది. అదీ ఎల్లిస్ పనే అయి ఉంటుందని చరిత్రకారుల ఊహ.

ఉద్దేశం మంచిదే కావచ్చును. కాని ఫలితమేమయినది? ప్రాచీన భారతీయులు జెన్నర్ కంటే ముందే గోమశూచి టీకా వేసేవారన్న తప్పు సమాచారం ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలపాటు వైద్యగ్రంథాలలోకి కూడా ఎక్కి తిరిగినది. ఒకసారి అచ్చయిన అబద్ధం దానిని వ్రాసినవాని ఆయువు కంటే ఎక్కువకాలం బ్రతుకుతుంది. రోగికి ఇచ్చే కాగితానికి మొదటి నియమం సత్యమని ఈ ఉదంతం మనకు నేర్పుతున్నది.

తపాలా కచేరీలో మందు

తరువాతి ఘట్టం చలిజ్వరానికి సంబంధించినది. సింకోనా చెట్టు బెరడు నుండి తీసే క్వినైను మలేరియాకు ఆనాడు ఉన్న ఒకే ఒక నమ్మకమైన మందు. నీలగిరులలో ప్రభుత్వం సింకోనా తోటలు వేసి, నడువట్టంలో క్వినైను తయారుచేసేది. అయితే పల్లెలలో డాక్టర్లు లేరు. మందును ఊరూరికీ చేర్చటం ఎట్లా? బెంగాలు ప్రభుత్వం 1892లో ఒక ఉపాయం పన్నినది. తపాలా కచేరీలలో ఒక పైసాకు ఒక మోతాదు చొప్పున పొట్లాలు అమ్మించినది. ఈ పద్ధతి క్రమంగా ఇతర రాష్ట్రాలకూ పాకినది. ఎంత వేసుకోవాలో, ఎట్లా వేసుకోవాలో ఆ పొట్లం మీదనే దేశభాషలో అచ్చువేసేవారు.

ఆ పొట్లపు కాగితం చిన్నదే అయినా దానిలో రెండు మంచి గుణాలున్నాయి. మొదటిది, అది మందును విడిచి పోదు. మందు ఉన్నచోటనే మాట కూడా ఉంటుంది. రెండవది, అది కొద్ది మాటలతో సరిపెట్టుకొనక తప్పదు. కాని ఒక పెద్ద లోపం మిగిలిపోయినది. క్వినైను మిక్కిలి చేదు. చలీ జ్వరమూ తగ్గగానే జనం దానిని మానివేసేవారు. రోగం మళ్ళీ తిరగబెట్టేది. ఒంట్లో బాగున్నప్పుడు కూడా మందు ఎందుకు వేసుకోవాలో పొట్లం మీది నాలుగు ముక్కలు చెప్పలేవు. ఈ చిక్కే క్షయ వ్యాధిలో మరింత పెద్దదై ఎదురయినది.

ఆరోగ్యవరం

క్షయ విషయానికి వస్తే మనం మళ్ళీ పాత చిత్తూరు జిల్లాకే రావలసి ఉంటుంది. మదనపల్లె పొడిగాలి ఊపిరితిత్తుల రోగులకు మంచిదని పేరుపడినది. అనేక క్రైస్తవ మిషనులు కలిసి 1912లో అక్కడ ఒక క్షయ చికిత్సాలయాన్ని ప్రారంభించి, 1915 నాటికి ఊరి వెలుపల ఆరోగ్యవరం అనే చోట దానికి స్థిరమైన వసతి ఏర్పరచాయి. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లర్ దానికి తొలి అధిపతి. దక్షిణ దేశమంతటి నుండీ అక్కడికి రోగులు వచ్చేవారు.

క్షయకు కారణమైన సూక్ష్మజీవిని జర్మనీలో రాబర్ట్ కోఖ్ 1882లో కనుగొన్నాడు. కాని దానిని చంపే మందు స్ట్రెప్టోమైసిన్ రూపంలో 1944 వరకు లోకానికి తెలియలేదు. ఆ మధ్యకాలపు అరవై సంవత్సరాలలో శానటోరియం చేయగలిగినది ప్రధానంగా విశ్రాంతి, మంచి గాలి, పుష్టికరమైన ఆహారం ఇవ్వటం. వీటితోపాటు అది నేర్పే క్రమశిక్షణ ఒకటి ఉన్నది. ఎక్కడపడితే అక్కడ ఉమ్మరాదు. మూతగల గిన్నెలో ఉమ్మి దానిని శుద్ధిచేయాలి. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డుపెట్టుకోవాలి. వేళకు జ్వరం చూచుకోవాలి. నెలల తరబడి ఈ పాఠాలు చేసి చేసి రోగి ఇంటికి వెళ్ళేటప్పటికి తానే ఒక ఉపాధ్యాయుడయ్యేవాడు. శానటోరియం ఒక విధంగా బడి వంటిదని చెప్పవచ్చును.

అయితే ఈ బడిలో చోటు దొరికేది ఎందరికి? దేశంలో లక్షలాది రోగులుండగా, పడకలు వేలసంఖ్యలో మాత్రమే ఉండేవి. మిగిలిన వారికి ఆ పాఠం ఇంటికే పంపాలి. 1929లో ఏర్పడిన జార్జి చక్రవర్తి కృతజ్ఞతా నిధి, 1939లో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘం ప్రజాబోధను తమ ముఖ్య కార్యక్రమాలలో ఒకటిగా పెట్టుకొనటానికి కారణం ఇదే. కాని 1951 జనాభా లెక్కల నాటికి కూడా మనదేశంలో అక్షరాస్యులు నూటికి 18 మందే. అచ్చుకాగితం ఎంత దూరం పోయినా, దానిని చదివి చెప్పే మనిషి లేనిచోట అది అక్కడితో ఆగిపోయేది.

కరపత్రాల మధ్య వాదం

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత క్షయ నివారణకు బి.సి.జి. టీకా వచ్చినది. మనదేశంలో ఈ టీకాను మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ సంవత్సరం 1948. ఆ చుట్టుపక్కల గ్రామాలలో క్షయ ఎంతగా వ్యాపించి ఉన్నదో 1950 నుండి 1955 వరకు ఆరోగ్యవరం వైద్యులు ఇంటింటా పరీక్షించి తెలుసుకున్నారు. గ్రామీణ జనంలో క్షయను గురించి జరిగిన తొలి సమగ్ర పరిశోధనలలో అది ఒకటి.

1951 తర్వాత టీకా కార్యక్రమం దేశవ్యాప్తమయినది. అప్పుడే గట్టి వ్యతిరేకత కూడా తలయెత్తినది. గవర్నరు జనరలుగానూ, మద్రాసు ముఖ్యమంత్రిగానూ పనిచేసిన చక్రవర్తి రాజగోపాలాచారి తాను ఈ టీకాను ఎందుకు వ్యతిరేకిస్తున్నాడో వివరిస్తూ 1955లో ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఒంటిలోకి, ఎంత బలహీనపరచినవైనా సజీవమైన సూక్ష్మజీవులను ఎక్కించటం తగదనీ, టీకా ప్రయోజనం రుజువు కాలేదనీ ఆయన వాదం. కేంద్ర ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ టీకాను గట్టిగా సమర్థించింది. సామాన్యుడు ఎవరి మాట నమ్మాలి?

కాలం ఇచ్చిన తీర్పు ఇరుపక్షాలకూ పాఠమే. ఆరోగ్యవంతులైన పిల్లలకు టీకా హాని చేస్తుందన్న భయం నిజం కాలేదు. కాని 1968లో చెంగల్పట్టు జిల్లాలో ప్రారంభమైన పెద్ద పరిశోధనలో, పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా అరికట్టలేదని తేలినది. పసిపిల్లలకు వచ్చే మెదడుపొరల క్షయ వంటి తీవ్రరూపాల నుండి మాత్రం అది రక్షణ ఇస్తుంది. అందుకే నేటికీ పుట్టిన బిడ్డకు దానిని వేస్తున్నాము. అనగా టీకా ఫలానా జబ్బును ఫలానా వయసులో ఆపగలదు, ఇంతకు మించి ఆపలేదు అని చెప్పటమే సరియైన మాట. ఎల్లిస్ కథ చెప్పిన పాఠానికి ఇది కొనసాగింపు. తెలిసినంత చెప్పాలి, దాని హద్దు కూడా చెప్పాలి. మేలును పెంచి చెప్పిన కాగితం ఒకనాడు నిజం బయటపడగానే, తాను చెప్పిన ఇతర మంచిమాటల మీద కూడా నమ్మకం పోగొడుతుంది.

ఇల్లే ఆస్పత్రి అయినప్పుడు

1952లో ఐసోనియాజిడ్ అనే చవకైన క్షయ మందు వాడుకలోకి వచ్చినది. అప్పుడొక కొత్త ప్రశ్న పుట్టినది. మంచి మందు ఉన్నప్పుడు రోగిని ఏడాదిపాటు శానటోరియంలో ఉంచటం అవసరమా? దీనిని తేల్చటానికి 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఏర్పడినది. బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో అక్కడ ఒక ప్రయోగం జరిగినది. నగరంలోని పేదరోగులను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గాన్ని శానటోరియంలోనూ, రెండవ వర్గాన్ని వారి ఇరుకు ఇండ్లలోనే ఉంచి, ఇరువురికీ ఒకే మందులు ఏడాదిపాటు ఇచ్చారు.

1959లో ఫలితాలు వెలువడినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపడినది. మంచి తిండీ, విశ్రాంతీ లేకున్నా ఇంటివద్ద ఉన్న రోగులు శానటోరియం రోగులతో ఇంచుమించు సమానంగా కోలుకున్నారు. రెండు వర్గాలలోనూ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది కఫంలో సూక్ష్మజీవులు మాయమయ్యాయి. ఇంటిలోని వారికి అంటు కూడా అధికంగా సోకలేదు. శానటోరియంల యుగం దీనితో ముగిసినదని చెప్పవచ్చును.

అయితే గెలుపు వెనుక ఒక షరతు ఉన్నది. ఇంటివద్ద రోగి తన చేతులతో తానే మందు వేసుకోవాలి. నెల రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, కూలికి పోగల శక్తి వస్తుంది. అప్పుడు మందు మానాలనిపిస్తుంది. మద్రాసు కేంద్రంవారు ముందుగా చెప్పకుండా ఇండ్లకు వెళ్ళి మాత్రలు లెక్కపెట్టేవారు. మూత్రం పరీక్షించి మందు వేసుకున్నదీ లేనిదీ తెలుసుకొనేవారు. శానటోరియంలో నర్సు చేసిన పని ఇప్పుడు రోగి తెలివిమీద పడినది. కనుక ఆ తెలివిని ఇవ్వటం చికిత్సలో ఒక భాగమయినది. మందు ఎదురుగా వేయించే పద్ధతిని 1997 నుండి మన ప్రభుత్వం విస్తరించి, 2006 నాటికి దేశమంతటా అమలుచేయటానికి మూలం మద్రాసు అనుభవమే. మా పెదనాయన అరుగుమీద కూర్చొని తీసుకున్న నిర్ణయం కూడా ఈ చిక్కుకు చెందినదే.

ఉప్పు, బెల్లం, నీళ్ళు

రోగికి చెప్పిన మాట ఎంత బలమైనదో చూపే ఉదాహరణ మరొకటి బెంగాలులో ఉన్నది. 1971లో తూర్పు పాకిస్తాను నుండి వచ్చిన లక్షలాది శరణార్థుల శిబిరాలలో కలరా చెలరేగినది. సరిహద్దులోని బనగావ్‌లో పనిచేస్తున్న డాక్టరు దిలీప్ మహలనోబిస్ దగ్గర నరాలకు ఎక్కించే సెలైను నిల్వలు అయిపోవచ్చాయి. ఆయన ధైర్యంచేసి ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కొలతప్రకారం నీళ్ళలో కలిపి రోగులకు త్రాగించాడు. కలిపి ఇచ్చే పనిని రోగుల బంధువులకే నేర్పాడు. తయారుచేసే విధానాన్ని కరపత్రాలుగా అచ్చువేసి సరిహద్దు పొడుగునా పంచారు. రేడియోలో కూడా చెప్పించారు. శిబిరాలలో నూటికి 30 దాకా ఉండిన కలరా మరణాలు ఆయన కేంద్రంలో నూటికి నాలుగు కంటే తక్కువకు దిగాయి. పేగులో గ్లూకోజు అణువు తనతోపాటు సోడియంను కూడా లోపలికి తీసుకొనిపోతుంది. వాటి వెంట నీరు వెళుతుంది. ఈ సూత్రంపై ఆధారపడిన చికిత్స నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

తర్వాత బంగ్లాదేశంలో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుండి పదేళ్ళలో కోటికి పైగా ఇండ్లకు స్త్రీ కార్యకర్తలను పంపి ఈ విద్యను తల్లులకు నేర్పించినది. అక్కడ గ్రాములు, లీటర్లు చెప్పలేదు. మూడువేళ్ళతో తీసిన చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర్ధసేరు నీళ్ళు అన్నారు. కార్యకర్త తల్లి ఎదుట కలిపి చూపాలి. తర్వాత తల్లిచేత కలిపించాలి. అన్నింటికంటే ఆలోచించదగినది వారి జీతం పద్ధతి. కొన్నాళ్ళ తర్వాత వేరొక ఉద్యోగి వచ్చి కొన్ని ఇండ్లలో తల్లులను ప్రశ్నలు అడిగేవాడు. తల్లికి ఎంత గుర్తున్నదో దానిని బట్టి కార్యకర్తకు జీతం ముట్టేది. ఎన్ని ఇండ్లు తిరిగారన్నది కాదు, ఎందరికి అర్థమయిందన్నదే అక్కడ లెక్క.

పంచిన కాగితాల సంఖ్య చూచి మనం తృప్తిపడుతూ ఉంటాము. ఆ సంఖ్య అచ్చాఫీసు లెక్క. ఎందరు గ్రహించారన్నదే వైద్యపు లెక్క.

మంచి కరపత్రాన్ని గుర్తించటం ఎట్లా?

ధనిక దేశాలలో కూడా రోగికి నేరుగా సమాచారం ఇవ్వాలన్న పట్టుదల ఇటీవలిదే. గర్భనిరోధక మాత్రల వల్ల రాగల అపాయాలను తమకు ముందుగా చెప్పలేదని స్త్రీలు ఆందోళన చేసిన మీదట, 1970లో అమెరికాలో ఆ మాత్రలతోపాటు రోగికోసం వ్రాసిన కాగితం ఇవ్వాలని నిర్ణయించారు. ఐరోపా దేశాలు 1992లో అన్ని మందులకూ ఆ నియమం పెట్టాయి. 2005 నుండి ఆ కాగితాలను ముందుగా మామూలు మనుషులచేత చదివించి, ప్రశ్నలు వేసి పరీక్షించాలని కూడా విధించాయి. మనదేశంలో మందుపెట్టెలలోని కాగితాలు నేటికీ ఎక్కువగా ఇంగ్లీషులో, వైద్యులకోసం వ్రాసినట్లుగానే ఉంటాయి. 2011 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి సుమారు 67 మంది. అక్షరాలు వచ్చినవారందరికీ వైద్యభాష వచ్చునని అనుకొనరాదు.

ఇంతవరకు చూచిన చరిత్రను బట్టి మంచి కరపత్రానికి ఉండవలసిన లక్షణాలను ఇట్లా క్రోడీకరించవచ్చును. అది సత్యం చెప్పాలి, తన హద్దు చెప్పాలి. రోగి ఇంటిలో మాట్లాడే భాషలో ఉండాలి. కొలతలు వంటింటిలో దొరికే వస్తువులతో చెప్పాలి. రోగి భయపడబోయే సంగతిని ముందుగానే చెప్పాలి. మూత్రం రంగు మారుతుందన్న మాట నాలుగవ వాక్యంలో కాదు, మొదటి వాక్యంలో ఉండాలి. ఎప్పుడు ఆస్పత్రికి పరుగెత్తాలో స్పష్టంగా ఉండాలి. చివరకు, దానిని చదివి వినిపించి, తిరిగి చెప్పించుకొనే మనిషి ఒకరు ఉండాలి.

తరగతిలో చేయదగిన ఒక ప్రయోగం

ఈ పరీక్షకు ప్రయోగశాల అవసరం లేదు. ఉపాధ్యాయులు మందులషాపులో దొరికే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒకటి తెప్పించి, దానిమీది సూచనలను విద్యార్థులచేత చదివించవచ్చును. ప్రతి విద్యార్థీ ఇంటికి వెళ్ళి పెద్దవారిలో ఒకరికి ఆ పొట్లం చూపి, వారికి చదువు రాకపోతే చదివి వినిపించి, తర్వాత పొట్లం దాచిపెట్టి నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ పొడిని ఎన్ని నీళ్ళలో కలపాలి? కలిపిన నీళ్ళను ఎంతసేపు ఉంచవచ్చును? బిడ్డకు వాంతి అయితే ఏమి చేయాలి? ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకొనిపోవాలి?

సాధారణంగా పెద్దపొట్లం మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. సగం పొట్లం, గ్లాసెడు నీళ్ళు అనే అలవాటు సరికాదు. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ కొద్దికొద్దిగా పట్టాలి. బిడ్డ మగతగా ఉన్నా, త్రాగలేకపోయినా, కళ్ళు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయరాదు. మరునాడు తరగతిలో ఏ ప్రశ్నకు ఎందరు సరిగా జవాబు చెప్పారో నల్లబల్ల మీద లెక్క వేయాలి. ఎక్కువమంది తప్పిన ప్రశ్న దగ్గర పెద్దవారి తప్పు వెతకవద్దు; పొట్లంమీది వాక్యంలో లోపం ఎక్కడున్నదో వెతకాలి. ఆ వాక్యాన్ని తమ ఊరిమాటలో తిరిగి వ్రాయమని విద్యార్థులను అడిగి, క్రొత్త వాక్యంతో మళ్ళీ పరీక్ష చేయిస్తే, శాస్త్రీయపద్ధతి అంటే ఏమిటో వారికి వేరే పాఠం చెప్పనక్కరలేదు.

మా ఐరాలలో ఇప్పుడు ప్రతి ఇంటిలోనూ బడికి పోయే పిల్లవాడో పిల్లో ఉన్నారు. తిస్సో తన జాబితాలో బడిపంతులును చేర్చాడే గాని, విద్యార్థిని చేర్చలేదు. ఆయన కాలంలో పల్లెటూరి ఇంటింటా విద్యార్థి లేడు. నేడు ఆ జాబితాను మనం పెంచుకోవచ్చును. ఇంటికి వచ్చిన మందు కాగితాన్ని దూలంలో చెక్కకముందే ఒకసారి గట్టిగా చదివి వినిపించటం, "ఇప్పుడు నువ్వు చెప్పవ్వా, ఏం అర్థమయింది?" అని అడగటం పదేండ్ల పిల్లలు కూడా చేయగల పని. ఆ అలవాటును ఉపాధ్యాయులు ఈ సంవత్సరమే తమ తరగతిలో ప్రారంభించగలరని ఆశిస్తున్నాను.